ఎనిమిది వేళ్ళు

నౌసేనా బాగ్‌లో లారీ ఆగిన పొద్దున
ఫ్రిజ్ ఎక్కింది, అద్దాల బీరువా ఎక్కింది,
కుక్క కూడా ఎక్కి డ్రైవరు పక్కన కూచుంది.
ఇది మాత్రం ఎక్కలేదు.
"కూనూరు నుంచి తెచ్చుకున్నాను నూకాలూ,
కొచ్చి దాకా బతకదు, నువ్వు పట్టుకుపో" అంది మేడం.
పేరు చెప్పింది గానీ నాకు నోరు తిరగలేదు.
జపాను వాళ్ళ మాటలో
ఎనిమిది వేళ్ళు అని అర్థమట.

ఆటోలో కుండీ కాళ్ళ మధ్య ఇరికించుకుని
సింధియా మీదుగా కాన్వెంట్ జంక్షన్ దాకా వచ్చాను.
ఆకులు బయటికి చేతులు చాపి
దారిన పోయే స్కూటర్లను ఆపబోయాయి.

జ్ఞానాపురంలో దిగేసరికి ఎర్నమ్మ పకపకా నవ్వింది.
"ఏటే నూకాలూ,
రైలుకట్ట మీద ఊరికే మొలిసే ఆముదం సెట్టుకి
ఆటో కిరాయి ఎట్టినావా?"
నిజమే, అచ్చం ఆముదపాకే.
కాకపోతే కాస్త దళసరి.
తలంటు పోసిన పిల్లాడి వీపులా ఆ మెరుపు.

మా మెట్ల కింద ఎండ రాదు.
ఎండ రాదనే అద్దె తక్కువ.
దీనికి అదే కావాలట.
మా ఇంటిని ఉన్నది ఉన్నట్టు
మెచ్చుకున్నది ఇదొక్కటే.

బొగ్గు రాత్రిపూట వస్తుంది.
హార్బరు వైపు నుంచి గాలి తిరిగిందంటే
తెల్లారేసరికి బిందెల మీద, ఆరేసిన బట్టల మీద,
గిన్నె మూతల మీద నల్లటి పొడి.
ఇంత పెద్ద ఆకు దాన్నెక్కడ దాచుకుంటుంది?

గురువులు ఓడల మీద వించి దగ్గర పనిచేసేవాడు.
ఇనపతాడు ఒక్కసారి బిగిస్తే
కుడిచేతి మూడు వేళ్ళు బెర్తు మీదే ఉండిపోయాయి.
ఆ చేత్తో అన్నం కలపడం నేర్చుకున్నాడు,
బీడీ ముట్టించడం నేర్చుకున్నాడు.
నలుగురిలో ఆ చెయ్యి జేబులోంచి తియ్యకపోవడం
ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

ఇప్పుడు పొద్దున్నే గుడ్డ తడిపి
మిగిలిన రెండు వేళ్ళకీ చుట్టుకుని
ఆకు మీద బొగ్గు తుడుస్తాడు.
వేలు వేలూ, సందు సందూ.
నా మొహం ఎప్పుడైనా అలా తుడిచాడా అని
పైకి అనలేదు గానీ
అనుకున్నాను.

మా చిన్నోడికి లెక్కలు రావని మాస్టారి గోల.
వాడే కుండీ ముందు గొంతుక్కూచుని లెక్కపెట్టాడు.
ఏడు. తొమ్మిది. తొమ్మిది. మళ్ళీ ఏడు.
ఎనిమిది ఒక్క ఆకుకీ లేదు.
"మేడం అబద్ధమాడిందే అమ్మా, అన్నీ బేసే!"
అంతటితో ఆగాడా,
వాళ్ళ నాన్న ఎడంచెయ్యి లెక్కపెట్టి
కుడిచెయ్యి జేబులోంచి లాగి మరీ లెక్కపెట్టి
"ఏడు" అన్నాడు,
మొత్తం కుదిరిన సంబరంతో.
గురువులు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.
పొయ్యి మీద పాలు పొంగుతాయని నేను లోపలికి పోయాను.
ఆవేళ పాలు పోయించుకోలేదు మేం.

మే నెలలో పని దొరకని కూలివాడిలా
చేతులన్నీ కిందికి వేలాడేసింది.
గోనెపట్టా తడిపి కప్పాం, బియ్యం కడుగు పోశాం.
రెండాకులు పసుపెక్కి రాలితే
చిన్నోడు పుస్తకంలో పెట్టబోయాడు,
పుస్తకం చాల్లేదు.
కార్తీకం వెళ్ళాక తెల్లటి ముద్దలు పూసింది.
వాసనేమీ లేదు, ఈగలకు మాత్రం పండగ.

మేడం ఒకసారి ఫోన్ చేసింది.
"ఉందా?"
"ఉందండి."
"ఆకులు తుడుస్తున్నావా?"
"మా ఆయన తుడుస్తాడండి."
"పాపం, ఆ గాలికి ఎలా ఉంటోందో" అంది.
మొక్క సంగతే.

నిన్న ఎర్నమ్మ పంచదారకని గిన్నె పట్టుకొచ్చి
పంచదార అడగలేదు.
"ఆ ఆముదం కొమ్మొకటి ఇరిసియ్యే" అంది
గోడ వైపు చూస్తూ.
ఇవ్వాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.

గాలి హార్బరు వైపు నుంచి తిరిగింది.
గుడ్డ తడిపి మెట్టు మీద పెట్టి
పడుకున్నాం.